ఏటి కెదురీదు మీనములు

తొలకరి వానలకు కట్టలేటిలో క్రొత్తనీరు దిగినంతనే మా పెనుగొలను బాలురు పలువురు గాలములు గైకొని గట్టున నిలుతురు. ఎఱ్ఱనీటి కెదురెక్కి వచ్చు పరిగెలకొఱకును, జెల్లలకొఱకును వారి నిరీక్షణ. అట్టివారిలో నొకడు తరగతిలో మమ్ము నిట్లడిగెను: "మేష్టారూ, నీటి వాలున పోయిన హాయిగదా! చేప కష్టపడి యెదురు పోవుటేల?"

ప్రశ్న చిన్నది గాని ప్రత్యుత్తరము పెద్దది. దానినే యిచట వివరింపదలచితిమి.

చేప యెదు రీదుట సంతానముకొఱకు. గ్రుడ్లకును, పిల్లలకును తగిన తావు ఎగువ నుండును గనుక వానకాలమున తల్లిచేప లచటికి బోవును. పెక్కు చేపల కిది కొలదిదూరపు ప్రయాణమే. కొన్ని మాత్రము సముద్రమునుండియే బయలుదేరి నది కెక్కును. అట్టివానిలో లోకప్రసిద్ధమైనది సాల్మను.

ఉత్తర అమెరికా పడమటి తీరమున నుండు కోహో సాల్మను సంగతి చూడుడు. అది చల్లని సెలయేటి గులకరాళ్ల నడుమ పుట్టి, యేడాది కాలమో, అంతకు మించియో మంచినీటిలో పెరిగి, పిదప సముద్రమునకు పోవును. అచట బలిసి, సాధారణముగా మూడవయేట, తాను పుట్టిన యేటి నీటివాసన నానవాలుగా గొని తిరిగి వచ్చును. గ్రుడ్లు పెట్టిన పిమ్మట మరణించును.

ఆ దేశమున వేడుకకై గాలము వేయువారు అనేకులు. అయినను వారి వేడుకకు కట్టుబాటు గలదు. పెంపకశాలలలో పుట్టిన పిల్లలకు, వీపుపై తోకకు చేరువనుండు చిన్న రెక్కను కత్తిరించి విడుతురు. పలు నదులలో ఆ రెక్క లేని చేపనే యింటికి గొనిపోవచ్చును; రెక్క గలదానిని, అనగా ఏటిలో సహజముగా పుట్టినదానిని, నీటిలో మరల విడువవలెను. వాషింగ్టను రాష్ట్రమున పట్టి యుంచుకొనిన ప్రతి సాల్మనును కార్డుపై వ్రాయవలెను. కొలంబియా నదిపై 1938లో పనికి వచ్చిన బాన్నెవిల్ ఆనకట్టకు చేపలెక్కుటకై నీటిమెట్లు కట్టిరి. ఆ మెట్లప్రక్కన అద్దపు కిటికీ నమర్చి, దాటిపోవు చేపలను జాతివారీగా లెక్కించుచున్నారు. ఎన్ని తిరిగివచ్చినవో తెలిసిననే గదా, ఎన్ని పట్టవచ్చునో నిర్ణయింప వీలగుట!

మన కిట్టి చేప లేదా? కలదు. అదియే గోదావరి పులస. సముద్రమున నున్నంతకాలము దానిని విలస యందురు. గోదావరికి వఱద వచ్చినప్పుడు, ముఖ్యముగా ఆషాఢ శ్రావణ భాద్రపదములలో, అది నదీముఖమున బ్రవేశించి యెదురెక్కును. అప్పుడు దానికి పులస యను పేరు వచ్చును. వంగదేశీయులు దీనినే ఇలిష్ అందురు. ఒక పెద్ద తల్లిచేప లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. కోహోవలె చావక, ఇది మరల సముద్రమునకు పోగలదు. నీటిలోని మిక్కిలి సన్నని జీవులే దీని ఆహారము గనుక గాలపు టెర కిది సులభముగా చిక్కదు. దీనిని పట్టుట వలతోడి పని, జాలరుల జీవనము.

కాని దాని త్రోవకు అడ్డు గలదు. సర్ ఆర్థరు కాటను నిర్మించిన ధవళేశ్వరపు టానకట్ట 1852లో పూర్తియయ్యెను. దానివలన డెల్టా సస్యశ్యామలమయ్యెను. లక్షలాది జనుల కన్నము దొరకెను. ఆ యుపకారమును మేము మఱువము. అయినను చేపకు గోడ గోడయే. సాల్మను ఎగిరి దుముకును. పులసకు ఆ నేర్పు లేదు. కావున సాల్మనుకొఱకు కట్టిన మెట్లవంటివి దీనికి చాలవు. కావేరిపై 1934లో మేట్టూరు ఆనకట్ట పూర్తియైన పిదప ఆ నదిలో ఈ జాతి మిక్కిలి క్షీణించెను. పూర్వము గంగలో ప్రయాగ దాటి పోవుచుండిన యీ చేప, 1975లో ఫరక్కా బారేజి వచ్చిన తరువాత ఎగువ నరుదయ్యెను. ఇటీవల బారకపూరులోని కేంద్ర మత్స్య పరిశోధనాలయమువారు ఫరక్కా దిగువ చేపలను పట్టి, కొన్నింటికి గుర్తుబిళ్లలు కట్టి, ఎగువ విడిచి, వాని పోకడ గమనించుచున్నారు.

మన కట్టలేటి నీరును మున్నేటి మార్గమున కృష్ణను చేరును. కాని సముద్రమునకును మనకును నడుమ బెజవాడయొద్ద 1855 నాటికే ఆనకట్ట యేర్పడెను. 1957 నుండి ప్రకాశము బారేజి కలదు. సముద్రపు చేప మన గట్టుదాక వచ్చుట కది అడ్డు.

ఇక మనుష్యుని యాశ మఱియొక యడ్డు. పుస్తె లమ్మియైనను పులస తినవలెనను సామెత మనలో నున్నది. ఒక్క చేపకు వేలకొలది రూపాయ లిచ్చువారును కలరు. మనము మెచ్చి తినునది గ్రుడ్లతో నిండివచ్చిన తల్లినే. చిన్ననాట మేమును ఏటిచేప కడుపులో గ్రుడ్లు చూచి సంతోషించినవారమే. ఆ సంతోషము మరుసటియేటి చేపలను తినివేయుట యని అప్పు డెఱుగము. తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. మేలైన కట్టుబాటే. అయినను పులస నది కెక్కుట ఆ గడువు తీరిన పిమ్మటనే. బంగ్లాదేశమున గ్రుడ్లు పెట్టు కాలమైన అక్టోబరు ప్రాంతమున 22 దినములు ఈ చేపవేట నాపివేసి, పిల్లచేపలను పట్టుటయు నెలలతరబడి నిషేధించిరి. వేట మానిన జాలరుల కుటుంబములకు బియ్య మిచ్చిరి. 2002-03లో రెండులక్షల టన్నుల కించుక తక్కువగా నున్న రాబడి 2018-19 నాటికి అయిదులక్షల టన్నులు మించెను. జాలరిని ఆకలికి విడువక చేపను కాపాడుట సాధ్యమని దీనివలన తెలియుచున్నది.

బాలులారా! గోదావరి గోడలను తొలగించుట మనచేత గాదు. కట్టలేటి లెక్క వ్రాయుట మనచేత నగును. క్రొత్తనీరు వచ్చిన దినము, దొరకిన చేప పేరు, దాని పొడవు, కడుపున గ్రుడ్లు కలవో లేవో ఒక పుస్తకమున వ్రాయుడు. గ్రుడ్లతో నున్నదానిని తడిచేతితో పట్టి, గాలము మెల్లగా తీసి, వెంటనే నీట విడువుడు. తలిదండ్రులారా! వట్టిచేతులతో వచ్చిన కుమారుని పరిహసింపక, ఆ పుస్తకమును చూపుమనుడు. వఱదలో ఒంటరిగా దిగనీయకుడు.

ప్రశ్న యడిగిన బాలుడు ఇప్పటికే యొక నోటుపుస్తకము కుట్టుకొనినాడు. మొదటి పుటలో తేదీ వేసి, "జెల్ల ఒకటి, జానెడు, గ్రుడ్లు కలవు, విడిచితిని" అని వ్రాసినాడు. వచ్చు తొలకరికి అట్టి పుస్తకములు మఱికొన్ని చూడగోరుచున్నాము.