తలుపు తెరువగనే వెలుగు దీపము

విద్యార్థులారా! రిఫ్రిజిరేటరు తలుపు తెరచినప్పుడు లోపలి దీపము వెలుగుటయు, మూసినప్పుడు ఆరుటయు మీ రెరిగినదే. పెక్కింటియందు దాగిన మర్మ మత్యల్పము. మూసిన తలుపు ఒక చిన్న మీటను నొక్కి యుంచును. తెరచినంతనే యా మీట విడివడి విద్యున్మార్గము పూర్తియగును. ఈ యుపాయమునే ఇంటి తలుపులకును కిటికీలకును విస్తరింపజేయుట ఇప్పుడు సులభసాధ్యమైనది. దాని విధమును క్రమముగా తెలిసికొందము.

తలుపునకు అమర్చు పరికరమును సెన్సారందురు. ఇందు రెండు భాగములు గలవు. తలుపు రెక్కకు ఒక చిన్న అయస్కాంతమును, ద్వారబంధమునకు ‘రీడ్ స్విచ్’ అను మీటను అమర్తురు. ఈ మీటను అమెరికాయందలి బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో వాల్టర్ ఎల్‌వుడ్ అను నాతడు 1936 వ సంవత్సరమున కనిపెట్టెను. సన్నని గాజుగొట్టములో ఇనుము, నికెల్ కలిసిన రేకులు రెండు, కొనలు ఒకదానిపై నొకటి వచ్చునట్లు, మిక్కిలి స్వల్పమైన యెడముతో నుండును. కొనలు చెడకుండుటకై గొట్టమున నత్రజని వంటి వాయువును నింపి మూయుదురు. అయస్కాంతము సమీపించినప్పుడు రేకులు తామును అయస్కాంతములై, ఎదురెదురు ధ్రువములు పరస్పర మాకర్షించుకొనుటచే కలిసికొనును. అది దూరమైనప్పుడు తమ బిగువుచే విడిపోవును. కావున రేకులు కలిసియున్నచో తలుపు మూసియున్నదనియు, విడిపోయినచో తెరచియున్నదనియు తెలియును.

ఈ సున్నితమైన రేకులగుండ ఇంటి దీపమునకు వలయు 230 వోల్టుల విద్యుత్తును పంపరు. 3 వోల్టుల బిళ్లబ్యాటరీతో పనిచేయు చిన్న చిప్పు ఆ మార్పును గ్రహించి, రేడియో తరంగములద్వారా వార్త పంపును. ఇంటిలో నొకచోట నుంచిన నియంత్రణ పరికరము ఆ వార్త నందుకొని దీపమునకు ఆజ్ఞ నిచ్చును. పని లేనప్పుడు చిప్పు నిద్రించుచుండుటచే బ్యాటరీ మాసములకొలది నిలుచును.

అయితే తలుపు తెరచిన ప్రతిసారియు దీపము వెలుగ నక్కరలేదు. పగటివేళ వెలిగిన దీపము వ్యర్థము. కావున ‘తలుపు తెరువబడి, చీకటియు నున్నచో దీపము వెలుగవలెను, అయిదు నిమిషములకు ఆరవలెను’ అని నియమ మేర్పరుతురు.

ఇచ్చట నొక చిక్కు గలదు. ఈ సెన్సారునకు తలుపు సంగతి తెలియునే కాని మనుష్యుని సంగతి తెలియదు. స్నానపుగదిలోనికి పోయి తలుపు మూసికొన్నవాడు అయిదు నిమిషములు గడువగనే చీకటిలో చిక్కుకొనును. దీనికి పరిహారముగా, శరీరపు వేడిమినిబట్టి కదలికను గుర్తించు వేరొక సెన్సారును గదిలో నుంతురు. తలుపు మూసిన పిదప కదలిక కనబడినచో లోపల నొకరున్నట్లే. గదికి ద్వార మొక్కటే గాన, ఆ తలుపు మరల తెరువబడువరకు వారు కదలకున్నను దీప మారరాదు. తెరచిన పిదప కదలిక లేనిచో ఆర్పవచ్చును.

కిటికీల సెన్సారులవలన వేరొక మేలు గలదు. పరుండబోవు వేళ ఏ కిటికీయైనను తెరచియున్నచో పడకగదిలో చిన్న ఎఱ్ఱదీపము వెలుగునట్లు చేయవచ్చును. రాత్రి వాన కురిసినను కిటికీ యొద్దనున్న మీ పుస్తకములు తడియవు.

ఇక ఖర్చు లెక్క చూతము. 9 వాట్ల దీపము దినమునకు 10 గంటలు వెలిగినచో 30 దినములకు 2.7 యూనిట్లగును. అవసరమైనప్పుడే వెలిగి, దినమునకు మొత్తము ఒక గంట యైనచో 0.27 యూనిట్లు చాలును. కాని యాజ్ఞకై యెదురుచూచుచు ఆ దీపము రేయింబవళ్లు అరవాటు తీసికొన్నయెడల 0.36 యూనిట్లు అదనమగును. కావున మిగులునది సుమారు రెండు యూనిట్లే. ధనలాభము స్వల్పము.

నిజమైన లాభము వృద్ధులకు. అర్ధరాత్రమున లేచి పెరటిలోనికి పోవు అవ్వకు చీకటిలో గోడ తడవి మీట వెదకు పని తప్పును; కాలు జారి పడు భయము తగ్గును. అయితే వెలుగున కలవాటుపడిన యామె, బ్యాటరీ అయిపోయిన రాత్రి చీకటిలోనికే ధైర్యముగా అడుగిడును. అందుచే చేతిమీటను ఎన్నడును తీసివేయరాదు. అది ఆమె చేతి కందునట్లుండవలెను. గోడలోని తీగెలపని తెలిసిన ఎలక్ట్రీషియనుదే; మీరు వానిని ముట్టరాదు. బ్యాటరీని నెలకొకసారి పరీక్షించు పని మాత్రము మీరే వహింపుడు. యంత్రము తలుపును కాచుచుండగా, ఆ యంత్రమును కాచువా రింటిలో నొకరుండవలెను గదా!