గూళ్ల బండిలో కూలెంట్ లీకు: నగర్తపేట సందులో ఆగిపోకముందే పట్టుకోండి



ఈసారి పురుగు గురించి కాదు, ఆకు గురించి కాదు, బండి గురించి. మనలో చాలామంది గూళ్లు మార్కెట్టుకు తీసుకెళ్లేది పాత ఓమ్నీలోనో, టాటా ఏస్‌లోనో. ఓమ్నీ తయారీ 2019లోనే ఆగిపోయింది. ఏస్ 2005లో వచ్చింది, తొలినాటి బండ్లు ఇంకా రోడ్డు మీదున్నాయి. ఇంజన్ గట్టిదే అయినా, దాని చుట్టూ ఉన్న రబ్బరు, ప్లాస్టిక్కు ముసలివైపోతాయి. కూలెంట్ లీకు మొదలయ్యేది అక్కడే.

*గూళ్లకూ దీనికీ సంబంధం ఏమిటి?*

గూడు లోపల ప్యూపా ప్రాణంతో ఉంటుంది. గాలి పీలుస్తుంది, తేమ వదులుతుంది, వేడి పుట్టిస్తుంది. బండి ఎండలో నిలబడిపోతే సంచుల మధ్య వేడి పెరుగుతుంది. ప్యూపా చచ్చిపోతే గూడుకు లోపలి నుంచి మరక పడుతుంది. మరక గూడుకు రీలరు ఏం ధర పెడతాడో మీకు చెప్పక్కర్లేదు. పైగా అల్లిక మొదలైన కొద్ది రోజులకే చిలక బయటికొస్తుంది. అందుకే మెకానిక్ దగ్గర రెండు రోజులు ఆగే వీలు మనకు లేదు.

*నీళ్లు పోస్తే సరిపోదా?*

కూలెంట్ ఆవిరైపోయే సరుకు కాదు. నెలనెలా తగ్గుతోందంటే ఎక్కడో కారుతోందని అర్థం. మనం బోరు నీళ్లు పోసేసి బయల్దేరతాం. అనంతపురం, చిత్తూరు, కోలారు వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. పాత్ర అడుగున పేరుకునే తెల్లటి గార రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. ఒక లీకుకు నీళ్లు పోస్తూ పోతే, కొన్నాళ్లకు లీకుతో పాటు అడ్డుపడ్డ రేడియేటర్ కూడా మిగులుతుంది.

ఇంకో సంగతి. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ మామూలు నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ క్యాప్ లోపలి ఒత్తిడిని పట్టి ఉంచడం వల్లే నీళ్లు 115 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. లీకు ఉంటే ఒత్తిడి నిలవదు. అంటే నీళ్లు నిండుగా ఉన్నా బండి పొంగవచ్చు.

*నగర్తపేట ఏం చెబుతుంది?*

రామనగరలో గూళ్లు అమ్మి, వచ్చేదారిలో బెంగళూరు పేటలో దిగడం మనకు అలవాటే. చీరలకనీ, సామాన్లకనీ అవెన్యూ రోడ్డు, చిక్కపేట, నగర్తపేట తిరుగుతాం. నగర్తపేటలో బండి నడిచేది మనిషి నడక వేగంతో. ధర్మరాయస్వామి గుడి ఉన్న చోటు అది. చైత్ర పౌర్ణమికి కరగ జరిగే రోజుల్లో అయితే కదలడమే కష్టం. అలాంటి చోట రేడియేటర్‌కు ఎదురుగాలి తగలదు. ఫ్యాన్ ఒక్కటే దిక్కు. కాబట్టి టెంపరేచర్ ముల్లును ఇలా చదవండి:

• సందులో పైకెక్కి, హైవే మీద దిగితే: ముందు ఫ్యాన్, ఫ్యాన్ బెల్టు, దాని వైరింగు చూడండి.
• ఎత్తు రోడ్డులో, లోడు మీద, వేగంలో కూడా పైకెక్కితే: కూలెంట్ తక్కువ కావచ్చు, రేడియేటర్ అడ్డుపడి ఉండవచ్చు.
• ఎక్కడ నడిపినా రిజర్వ్ బాటిల్‌లో మట్టం తగ్గుతుంటే: లీకు. కింద చెప్పినట్టు వెతకండి.

*లీకును వెతికే పద్ధతి*

1. రాత్రి ఇంజన్ చల్లారాక రేడియేటర్ నిండుగా ఉందో లేదో చూసి, బాటిల్ మీద మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టండి.

2. బండి కింద పాత న్యూస్‌పేపర్లు పరచండి. పొద్దున చూస్తే చుక్క ఎక్కడ పడిందో తెలుస్తుంది. పచ్చ, ఎరుపు, గులాబీ రంగుతో, వేళ్లకు జారుడుగా, తియ్యటి వాసనతో ఉంటే అది కూలెంట్. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిలు, అది వేరే కథ. రుచి మాత్రం చూడకండి, అది విషం.

3. చుక్క పడిన చోటికి నేరుగా పైన వెతకండి. హోస్ పైపుల చివర్లు, క్లిప్పుల చుట్టూ తెల్లటి లేదా పచ్చటి గార కట్టి ఉంటే అక్కడే కారుతోంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పైపును నొక్కండి. చిటచిటమన్నా, మెత్తగా ఉబ్బినా అది మార్చే కాలం వచ్చేసింది.

4. రేడియేటర్‌లో ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం జాలీ కలిసే అంచును చూడండి. తడి ఎక్కువగా అక్కడే కనబడుతుంది.

5. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి కారితే లోపలి సీలు పోయినట్టు. పుల్లీ చేత్తో ఊగినా, కూత పెట్టినా పంపు మార్చాల్సిందే.

6. క్యాప్ తీసి రబ్బరు వాషర్ చూడండి. పగిలినా, గట్టిపడినా కొత్తది వేయండి. అన్నిటికంటే చవకైన భాగం ఇదే, మనం అన్నిటికంటే చివర చూసేదీ ఇదే.

7. కింద చుక్క లేదు, కానీ మట్టం తగ్గుతోంది. అప్పుడు హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకపోవడం, చల్లటి ఇంజన్‌ను క్యాప్ తీసి స్టార్ట్ చేసినప్పుడు బుడగలు ఆగకుండా రావడం, ఆయిల్ పాలు కలిసిన కాఫీలా మారడం దీని గుర్తులు.

ఇన్ని చూసినా దొరక్కపోతే మెకానిక్‌ను ప్రెషర్ టెస్ట్ చేయమనండి. రేడియేటర్ మూతికి చేతిపంపు బిగించి, క్యాప్ మీద రాసిన ఒత్తిడి దాకా మాత్రమే కొట్టి పది నిమిషాలు ఆగుతారు. ముల్లు పడిపోతే లీకు ఉన్నట్టే. వేడిలో మాత్రమే కారే లీకు ఇలా చల్లటి ఇంజన్‌లోనే బయటపడవచ్చు.

*బాగుచేయడం*

క్లిప్పు వదులైతే బిగించండి, తుప్పు పడితే మార్చండి. పైపు చివర మాత్రమే చీలి, పొడవు మిగిలి ఉంటే చీలిన రెండు సెంటీమీటర్లు కోసి మళ్లీ ఎక్కించవచ్చు. పంపు మార్చేటప్పుడు బెల్టు కూడా చూసుకోండి. పాత ఇత్తడి రేడియేటర్‌కు టంకం పెడతారు. ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే టంకం పనికిరాదు, మార్చడమే.

పసుపు పొడి పోస్తే లీకు ఆగుతుందని పాత డ్రైవర్లు చెబుతారు. నిజమే, కొంతసేపు ఆగుతుంది. కానీ అదే పసుపు సన్న గొట్టాలను కూడా మూస్తుంది. వేరే గతిలేని రోజున తప్ప ఆ పని చేయకండి. చేస్తే ఇంటికెళ్లాక రేడియేటర్ కడిగించండి.

పేటలోనే పట్టుబడితే కంగారు పడకండి. నగర్తపేటకు దక్షిణాన ఎస్.జె.పి. రోడ్డు, టౌన్ హాల్ దాటగానే జె.సి. రోడ్డు. బండి విడిభాగాలకు పేరున్న వీధి అది. బండిని నీడలో ఆపి ఆటోలో వెళ్లండి. పాత పార్టు చేత్తో పట్టుకుపోండి. క్యాప్ అయితే దాని మీది అంకె, 0.9 అయితే 0.9, 1.1 అయితే 1.1, అదే అడగండి. వంపు పైపు బదులు తిన్నని పైపు తీసుకోవద్దు. మడతపడి నీళ్లు ఆగిపోతాయి.

తిరిగి నింపేటప్పుడు కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. రెడీమిక్స్ డబ్బా అయితే నీళ్లు కలపొద్దు. వేరే రకం కూలెంట్ మీద ఇంకో రకం పోయొద్దు. మెల్లగా నింపి, క్యాప్ తీసే ఉంచి ఇంజన్ నడపండి. పై పైపు వేడెక్కి, బుడగలు ఆగాక మట్టం సరిచేసి మూయండి. మర్నాడు పొద్దున మళ్లీ చూడండి.

*జాగ్రత్త:* వేడి ఇంజన్ క్యాప్ తీయకండి. మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. కనీసం అరగంట ఆగి, పైపు చేతికి చల్లగా తగిలాకే, మందంపాటి గుడ్డ వేసి తిప్పండి. కాగిన ఇంజన్‌లో చల్లనీళ్లు పోస్తే హెడ్ పగలవచ్చు. పాత కూలెంట్‌ను తోటలోనో కాలవలోనో పారబోయకండి. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, పశువులు తాగి చచ్చిపోతాయి.

*లోడుతో ఉన్నప్పుడు పొంగితే*

ముల్లు ఎర్రగీత దగ్గరికి రాగానే ఇంజన్ ఆపండి. నీడకు నెట్టండి. తలుపులు, టార్పాలిన్ తెరిచి సంచులకు గాలి తగలనివ్వండి. ఓమ్నీలో ఇంజన్ ముందు సీట్ల కిందే కాబట్టి ముందు వరస సంచులు మొదట దించండి. ఆ తర్వాత లీకు ఎక్కడో చూడండి.

క్లిప్పు, క్యాప్, పైపు చివర అయితే బాగుచేసుకుని పోవచ్చు. పంపు, రేడియేటర్, గ్యాస్కెట్ అయితే ఆలోచించొద్దు: వేరే బండి పిలిపించి గూళ్లు మార్చేయండి. బాడుగ దండగ అనిపిస్తుంది. కానీ బండి రేపైనా బాగవుతుంది, పంట మాత్రం రేపటిదాకా ఆగదు.

అందుకని పురుగు చంద్రిక ఎక్కిన రోజే బండి కింద పేపరు పరచండి. గూళ్లు విప్పేదాకా నాలుగైదు రోజులు చేతిలో ఉంటాయి. లీకు వెతకడానికీ, పార్టు తెచ్చుకోవడానికీ అది చాలు. బండిలో ఎప్పుడూ రెండు క్లిప్పులు, ఒక స్క్రూడ్రైవర్, ఒక క్యాప్, రెండు లీటర్ల కలిపిన కూలెంట్ పెట్టుకోండి. డబ్బాకు మూత గట్టిగా బిగించి, గూళ్ల సంచులకు, ఆకు బుట్టలకు దూరంగా ఉంచండి.

గూళ్లు తోలే మీ డ్రైవర్‌కు కూడా ఈ సమాచారం పంపండి.