విదేశములలో వ్యాపార విద్య: ఇంటి పత్రములు తాకట్టు పెట్టుటకు ముందు

బనగానపల్లె పేరు వినగనే శ్రోతలకు మామిడిపండు గుర్తుకు వచ్చును. ఆ పండునకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. కాని ఆ ప్రాంతమున పెక్కు కుటుంబములకు కూడు పెట్టునది నేలలోని నాపరాయి. బండలు కోయించి, మెరుగు పెట్టించి అమ్ము చిన్న ఫ్యాక్టరీ యజమాని యింట బి.కాం. ముగించిన కుమార్తె యున్నదనుకొందము. ఆమె అమెరికాలో ఎం.బి.ఏ. చదువగోరుచున్నది. తండ్రికి కాదనుటకు మనసు రాదు. ఔననుటకు ధైర్యము చాలదు. రాత్రి భోజనములైన పిదప ఆ యింట జరుగు చర్చలో మేమును కొంతసేపు కూర్చుందుము.

మొదట డబ్బు మాట. హార్వర్డులో వ్యాపార పాఠశాల 1908లో వెలసినది; ఎం.బి.ఏ. పట్టము పుట్టినది అచ్చటనే. నేడు అట్టి ప్రసిద్ధ పాఠశాలలలో బోధన రుసుమే ఏడాదికి 75 వేల డాలర్లు దాటినది. డాలరు 85 రూపాయలని లెక్కించినను 63 లక్షల 75 వేలు. చదువు రెండేండ్లు, బస, భోజనము వేరు. ఇంతకంటె చౌకయైనవి లేకపోలేదు. 50 లక్షల అప్పుతో గడచు చోటనే సీటు దొరకినదనుకొన్నను, నూటికి 10 వడ్డీతో పదేండ్లలో తీర్చుటకు నెలకు సుమారు 66 వేలు కట్టవలెను. చదువుకాలపు వడ్డీ ఇందులో చేరలేదు. పెద్ద విద్యా ఋణమునకు బ్యాంకులు ఆస్తి హామీ కోరును. చాల బ్యాంకులు వ్యవసాయ భూమిని అంగీకరింపవు గనుక, ఎంత మామిడితోట యున్నను బ్యాంకుకు పోవునవి కాపురమున్న యింటి పత్రములే.

కావున మేమడుగు ప్రశ్న ఒక్కటే: ఈ అప్పు ఏ దేశపు జీతముతో తీరును?

అమెరికా జీతముతో అందురా? చదువు ముగిసిన పిదప అచట పని నేర్చుటకు 12 నెలల గడువు. శాస్త్ర సాంకేతిక తరగతిగా గుర్తించిన కోర్సులకు మరి 24 నెలలు. తాను చేరు కోర్సు ఏ తెగదో ముందే విచారించుకొనవలెను. తరువాత కావలసిన హెచ్-1బి అనుమతులు ఏటా 65 వేలు, అచట పైచదువు చదివినవారికి అదనముగా 20 వేలు. దరఖాస్తులు మించినచో లాటరీయే. కన్సల్టెన్సీల కరపత్రములలో జీతములు పెద్ద అక్షరములతో నుండును. ఈ లాటరీ మాట మాత్రము వెదకి పట్టుకొనవలసినదే.

తిరిగివచ్చి ఫ్యాక్టరీ చూచుకొందుననినచో లెక్క మారును. గని అనుమతులు, లారీ కిరాయి, బేరగాండ్ర మొండి బాకీలు షికాగోలో ఎవరును బోధింపరు. లెక్కల విద్య, మార్కెటు విద్య మన దేశముననే కలవు. అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం. 1961లో హార్వర్డు సహకారముతోనే వెలసినది. విశాఖపట్నమున 2015లో మరియొకటి వచ్చినది. రుసుములు ఇచ్చటను తక్కువ కావు. అయినను వీసా భయము లేదు.

సత్య నాదెళ్ల పేరు ఇట్టి చర్చలలో తప్పక వచ్చును. హైదరాబాదున పుట్టిన ఆయన 1992లో మైక్రోసాఫ్టులో చేరి, ఉద్యోగము మానకయే వారాంతములలో షికాగో పోయి చదివి, 1997లో ఎం.బి.ఏ. పొందెను. జీతము ముందు, పట్టము తరువాత. పేరు మన ఊళ్ల దాక వచ్చినది గాని, ఈ వరుస రాలేదు.

మంచి విదేశీ పాఠశాలలు సాధారణముగా కొన్నేండ్ల ఉద్యోగానుభవమును ఆశించును. కనుక ఆ తండ్రి రెండేండ్లపాటు ఫ్యాక్టరీ బాకీల పుస్తకమును బిడ్డ చేతికి ఇచ్చుట మేలని మా తలపు, జీతమిచ్చియే సుమా! జీమాట్ పరీక్ష మార్కులు ఐదేండ్లు చెల్లును. ఆ పరీక్షను ఆమె ఈ యేడే వ్రాసి యుంచుకొనవచ్చును.