కందెన

ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టడం ఒకప్పుడు మన పల్లెల్లో పిల్లలకు సైతం తెలిసిన పని. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో నింపి, దానిని బండికి వేలాడదీసేవారు. చక్రం కిర్రుమన్న వెంటనే బండివాడు దిగి, శీల ఊడదీసి, చక్రాన్ని కొంచెం పక్కకు జరిపి ఇరుసుకు ఆ కందెన పూసేవాడు. ఎడ్ల మెడలకు భారం తగ్గేది. బండ్లు పోయి మోటారు సైకిళ్ళు వచ్చాయి. వాహనం మారింది గాని, లోహం లోహంతో ఒరుసుకొంటే అరిగిపోతుందన్న సత్యం మారలేదు. విచిత్రమేమంటే ఆముదం కూడా మనలను వెంటనే విడిచిపెట్టలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానాలు అనేకం ఆముదాన్నే ఇంజిన్లలో వాడుకొన్నాయి. నేడు ప్రసిద్ధమైన 'కాస్ట్రాల్' అనే పేరు 1909లో ఆముదానికి ఉన్న ఆంగ్ల నామం నుంచే పుట్టింది.

సంస్కృతంలో 'స్నేహ' శబ్దానికి ప్రీతి అనే అర్థంతో పాటు నూనె, జిడ్డు అనే అర్థాలు కూడా ఉన్నాయి. రెండు గట్టి వస్తువుల నడుమ నిలిచి అవి ఒకదానినొకటి గాయపరచుకోకుండా చూసేది స్నేహం. ఇంజిన్ ఆయిల్ చేసే పని సరిగ్గా ఇదే. పిస్టన్ సిలిండరులో నిమిషానికి కొన్ని వేల సార్లు పైకీ కిందికీ కదులుతుంది. ఆ రెండింటి నడుమ పలుచని నూనె పొర ఉన్నంత కాలం అవి తాకీ తాకనట్లు సాగిపోతాయి. అంతేకాదు, ఆ నూనె లోపలి వేడిని కొంత మోసుకుపోతుంది. మసిని, సన్నని లోహపు రజనును తనలో నిలుపుకొంటుంది. ఎక్కువ మోటారు సైకిళ్ళలో గేర్లకు, క్లచ్చికి కూడా అదే నూనె ఆధారం.

ఇన్ని పనులు చేసే పదార్థం అలసిపోక తప్పదు. వేడికి నూనె రసాయనికంగా మారుతుంది. దగ్గరి దూరాలకే తిరిగే బండిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు కనుక, చెమ్మ, కాలని పెట్రోలు నూనెలో చేరి దానిని పలుచన చేస్తాయి. రంగు నల్లబడటం ఒక్కటే దోషం కాదు. మసిని పట్టి ఉంచే మందులు అందులో ఉంటాయి కాబట్టి మంచి నూనె కూడా నల్లబడుతుంది. పాలు కలిసినట్లు తెల్లగా మారితే నీరు చేరిందనీ, వెలుతురులో తళుకులు కనిపిస్తే లోపల ఏదో అరిగిపోతున్నదనీ గ్రహించాలి.

ఈ విషయం నేను పుస్తకాలలో చదివి నేర్చుకోలేదు. 2003 వేసవిలో నల్లగొండ నుంచి దేవరకొండ వైపు వెళ్తున్నాను. వెనుక మా అమ్మాయి కూర్చున్నది. అప్పటికి ఏడాది పైగా నా బండిలో ఆయిల్ మార్పించలేదు, ఎంత ఉన్నదో చూడనూ లేదు. కాళిదాసుకు వ్యాఖ్యానాలు వెదకడానికి తీరిక దొరికింది గాని, ఇంజిన్ మూత తిప్పి చూడటానికి దొరకలేదు. ఉన్నట్టుండి ఇంజిన్ జామైంది. వెనుక చక్రం బిగుసుకుపోయి బండి రోడ్డు మీద జారుతూ పోయింది. చప్పున క్లచ్చి నొక్కడం వల్ల చక్రం విడిపోయి పడకుండా బయటపడ్డాం. ఆ సమయంలో వెనుక లారీ లేకపోవడం మా అదృష్టం. మెకానిక్కు ఇంజిన్ విప్పి, "సార్, చుక్క ఆయిల్ లేదు. బోరు చేయించాలి, పిస్టన్ మార్చాలి" అన్నాడు. ఆ నెల జీతంలో చాలా భాగం దానికే పోయింది. నాటి నుంచి ఆయిల్ నేనే మారుస్తున్నాను.

మీలో చాలామందికి లైసెన్సు రావడానికి ఇంకా ఒకటి రెండేళ్ళు పడుతుంది. అయినా ఇంట్లో నాన్నగారి బండి ఉంటుంది కదా! ముందుగా బండితో ఇచ్చిన పుస్తకం తెరవండి. ఏ ఆయిల్, ఎంత, ఎన్ని కిలోమీటర్లకు అన్నవి అందులో ఉంటాయి. వీధిలో వినిపించే లెక్కల కంటే అదే ప్రమాణం. డబ్బా మీద '10డబ్ల్యు-30' వంటి అంకెలు చూసి బెదరవద్దు. 'డబ్ల్యు' చలికాలానికి సంకేతం. మొదటి అంకె చలిలో నూనె ఎంత తేలికగా పారుతుందో, రెండవది వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో తెలుపుతుంది. తడి క్లచ్చి గల మోటారు సైకిలుకు 'జాసో ఎంఏ' గుర్తు ఉన్న ఆయిలే వాడాలి. కారు కోసం చేసిన నూనెలు కొన్నింటిలో జారుడు పెంచే మందులు ఉంటాయి. వాటితో క్లచ్చి పట్టు తప్పుతుంది.

బండిని సమతలంపై సెంటర్ స్టాండు వేసి నిలిపి, రెండు మూడు నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపండి. గోరువెచ్చని నూనె తేలికగా, మడ్డితో సహా దిగుతుంది. మరీ కాలుతున్నప్పుడు మాత్రం చేయి పెట్టరాదు. ఇంజిన్ అడుగున పాత తొట్టి ఒకటి ఉంచి, పైన ఆయిల్ పోసే మూత వదులు చేసి, తగిన పానాతో అడుగు బోల్టును విప్పాలి. నూనె ధార సన్నబడి చుక్కలుగా మారేవరకు ఓపిక పట్టండి. ఆలోగా బోల్టును, దాని వాషరును గుడ్డతో తుడిచి చూడండి. వాషరు నలిగి ఉంటే కొత్తది వేయాలి. అంత చిన్న వస్తువుకై పీనాసితనం పనికిరాదు.

బోల్టు బిగించడంలోనే అసలు నేర్పు ఉన్నది. దానిని ముందు వేళ్ళతోనే తిప్పుతూ ఎక్కించాలి. వంకరగా పట్టుకొంటే వెంటనే విప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. తరువాత పానాతో గట్టి పడేవరకు తిప్పి ఆపాలి. ఇంజిన్ పెట్టె అల్యూమినియంది, బోల్టు ఉక్కుది. బలమంతా చూపితే ఓడిపోయేది అల్యూమినియమే. దాని మరలు చెరిగిపోతాయి. తొలిసారి నేను అత్యుత్సాహంతో ఆ పని చేసి మరలా మెకానిక్కు ముందు తల వంచుకొని నిలబడ్డాను!

ఇక గరాటు పెట్టి పుస్తకంలో చెప్పినంత కొత్త నూనె పోయాలి. సాధారణంగా 100 సీసీ బండ్లకు ఇది లీటరుకు కొంచెం తక్కువే ఉంటుంది. మూత బిగించి ఇంజిన్‌ను రెండు నిమిషాలు నడిపి, ఆపి, కొద్దిసేపటి తరువాత కొలపుల్ల తుడిచి ముంచి చూడండి. నూనె రెండు గీతల మధ్య ఉండాలి. ఎక్కువ పోస్తే మరీ మంచిదన్నది భ్రమ. అడుగు బోల్టు వద్ద చెమ్మ కనిపిస్తున్నదేమో వంగి చూడటం మరువవద్దు. ఆయిల్ ఫిల్టరు సంగతి బండిని బట్టి మారుతుంది. కొన్నింటిలో దానిని మార్చాలి, కొన్నింటిలో జాలీని శుభ్రపరచాలి. మొదట ఒకసారి మెకానిక్కు చేస్తుండగా చూడటం మేలు.

మిగిలింది తొట్టిలోని పాత నూనె. దానిని మురుగు కాలువలో గాని, చెట్టు మొదట గాని పోయరాదు. అది నేలలో ఇంకి నీటిని చెరుపుతుంది. చర్మానికీ మంచిది కాదు కనుక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మన దేశంలో వాడిన నూనె ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. దానిని శుద్ధిచేసి తిరిగి వాడదగిన నూనెగా మార్చే అనుమతి గల కర్మాగారాలు ఉన్నాయి. పాత డబ్బాలో పోసి మూతపెట్టి, అటువంటి చోటికి పంపే గ్యారేజీలో ఇవ్వండి. కొత్త నూనె తెచ్చిన డబ్బాను మాత్రం కత్తితో కోసి పారవేయాలి. ఖాళీ డబ్బాలు కొని వాటిలో నకిలీ నూనె నింపి అమ్మేవారు ఉంటారు.

ఆ రోజు మీటరులో ఉన్న అంకెను ఎక్కడైనా రాసి పెట్టుకోవాలి. మా ఇంట్లో అది వంటగది క్యాలెండరు మీద, పాలవాని లెక్క పక్కన ఉంటుంది. మా అమ్మాయి ఇప్పుడు ఎప్పుడు వచ్చినా ముందు ఆ అంకెనే చూస్తుంది.