చెరువులో నాచుకి అక్కర్లేని సిలిండర్ అక్వేరియంకి ఎందుకు?

“మా ఊరి చెరువులో నాచు దానంతటదే పెరుగుతుంది. పెదనాన్నగారి పెద్ద అక్వేరియంకి మాత్రం గ్యాస్ సిలిండర్ పెట్టారు. ఆ బుడగలన్నీ పైకొచ్చి పగిలిపోతున్నాయి, గ్యాస్ వృథా కాదా?” అని ఆరో తరగతి అమ్మాయి అడిగింది. రెండూ మంచి ప్రశ్నలే. ముందు చెరువు సంగతి చూద్దాం.

మొక్క వెలుతురు సాయంతో నీటి నుంచీ కార్బన్ డయాక్సైడ్ (బొగ్గుపులుసు వాయువు) నుంచీ తన ఆహారం తయారుచేసుకుంటుంది. గుర్రపుడెక్క ఆకులు గాలిలో ఉంటాయి కాబట్టి దానికి ఈ వాయువు కొరత లేదు. మునిగి ఉండే నాచుకి నీళ్లలో కరిగినదే దిక్కు. గాలి నుంచి నీళ్లలోకి దిగేది లీటరుకి సుమారు అర మిల్లీగ్రామే. పైగా నీళ్లలో అది పాకడం గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు నెమ్మది.

చెరువుకి అడుగున బురద ఉంది. అందులో ఆకులు, గడ్డి, పేడ కుళ్లుతూ ఈ వాయువును రేయింబవళ్లు వదులుతాయి. మన తీరంలో రొయ్యల రైతుల్ని అడగండి: నీటి పీహెచ్ పొద్దున్న తక్కువ, మధ్యాహ్నానికి ఎక్కువ. రాత్రంతా జీవులు వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీళ్లను కాస్త పుల్లబరుస్తుంది, అంటే పీహెచ్ తగ్గుతుంది. ఎండెక్కాక నీటిలోని పచ్చదనం దాన్ని లాగేసుకుంటుంది.

అక్వేరియంలో అంత బురద ఉండదు. లైట్లు జోరు, మొక్కలు ఒత్తు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు తొట్టెలో సుమారు 250 లీటర్లు పడతాయి. గాలి నుంచి కరిగే వాయువు అన్ని నీళ్లలోనూ కలిపి గ్రాములో ఎనిమిదో వంతు మాత్రమే. మొక్కలు పెంచేవాళ్లు కోరుకునేది లీటరుకి 20 నుంచి 30 మిల్లీగ్రాములు, అంటే తొట్టె మొత్తానికి సుమారు ఆరు గ్రాములు. ఆ తేడాను సిలిండర్ పూడుస్తుంది.

ఇక బుడగల సంగతి. వాయువు కరిగేది బుడగ పైపొర నుంచే. బెల్లం ముద్ద కంటే పొడి తొందరగా కరిగినట్టే, బుడగ ఎంత చిన్నదైతే అంత మేలు. 5 మిల్లీమీటర్ల బుడగను అర మిల్లీమీటరువిగా చేస్తే వెయ్యి అవుతాయి, నీటికి తగిలే పొర పది రెట్లవుతుంది. పెద్ద బుడగ అడుగున్నర లోతును రెండు సెకన్లలో దాటేస్తుంది, చిన్నవి తీరిగ్గా లేస్తాయి. గ్యాస్‌ను సన్నటి బుడగలుగా చీల్చే పింగాణీ డిఫ్యూజర్ చేసే పని ఇదే.

పెద్ద తొట్టెలో అదొక్కటీ చాలదు, బుడగలు ఒక మూలనే ఆడుతుంటాయి. అందుకే రియాక్టర్. ఇది ఫిల్టర్ గొట్టానికి తగిలించే నిలువు గొట్టం. నీళ్లు పైనుంచి కిందికి దూకుతుంటే బుడగలు పైకి లేవాలని చూస్తాయి. ఎటూ పోలేక అక్కడే చితికి చితికి కరుగుతాయి. కరిగిన నీళ్లను ఫిల్టర్ ధారే తొట్టె నలుమూలలకీ చేరుస్తుంది. నా మటుకు పెద్ద తొట్టెకి ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

అయినా ఒకటో రెండో బుడగలు పైకి వస్తూనే ఉంటాయి. వాటిలోంచి కార్బన్ డయాక్సైడ్ నీళ్లలోకి పోతుంటే, నీళ్లలోని నత్రజని, ఆక్సిజన్ వాటిలోకి చేరతాయి. పైన పగిలే ఆ చిన్న బుడగలో మన గ్యాస్ కొంతే ఉంటుంది. అందుకని పగిలిందంతా వృథా కాదమ్మా.

అసలు వృథా నీటి పైభాగాన, ఎక్కువ అల్లకల్లోలం చేస్తే. నీళ్లలోని వాయువు గాలిలోకి ఎలా పోతుందో శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కితే వచ్చే బొర్రా గుహల్లో చూడొచ్చు: మట్టిలో ఈ వాయువు నింపుకున్న వాన నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ దిగి, గుహ గాలి తగలగానే వాయువును వదిలేస్తుంది. ఇక మోయలేని సున్నం రాతి కొమ్మలై పేరుకుంటుంది. మన తొట్టె నీళ్లూ అలాగే వదిలేస్తాయి. వేడి నీళ్లు ఇంకా తొందరగా వదులుతాయి.

రాత్రి లైటు ఆరాక మొక్కలూ ఈ వాయువునే వదులుతాయి. అప్పుడూ గ్యాస్ వస్తుంటే చేపలకి ఊపిరాడదు. అందుకే టైమరుతో నడిచే సోలెనాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకుని మూసుకునేది) పెడతారు. కరెంటు పోగానే మూసుకునే రకమే కొనాలి. కరెంటు ఎంతసేపు పోతుందో చెప్పలేం: 2018 అక్టోబరు తిత్లీ తుఫానుకి శ్రీకాకుళం జిల్లాలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే వెంటనే గ్యాస్ కట్టేసి, గాలి పంపు పెట్టి, కొంత నీరు మార్చాలి.