వైర్‌లెస్ బటన్ నొక్కితే కర్నెల్‌లో జరిగేది

లాప్‌టాప్‌లో వైఫై, బ్లూటూత్ రేడియోలను ఆపే బటన్లు అన్నీ ఒక్క తీరువి కావు. పాత మోడళ్లలో అంచున పక్కకు జరిపే స్విచ్ ఉండేది. దాని సంకేతం నేరుగా వైఫై కార్డుకు చేరేది. మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డుల్లో 20వ పిన్ ఉన్నది ఇందుకే: ఆ పిన్‌పై వోల్టేజీ సున్నాకు పడితే కార్డు ప్రసారం ఆపేయాలి. కొన్ని లాప్‌టాప్‌లలో బటన్ నొక్కగానే ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ రేడియోను తనంతట తానే ఆపుతుంది. విమానం బొమ్మ ఉన్న నేటి కీలు చాలావరకు దేన్నీ ఆపవు. నొక్కిన సంగతి ఆపరేటింగ్ సిస్టంకు చేరవేసి ఊరుకుంటాయి. 2012లో విండోస్ 8 తెచ్చిన ఏరోప్లేన్ మోడ్‌తో ఈ పద్ధతి బాగా పాకింది.

బటన్ ఏ తీరుదో పైకి చూస్తే తెలియదు. అది తేల్చుకోవడమే కర్నెల్ డ్రైవర్ మొదటి పని, అసలు తలనొప్పి కూడా.

లినక్స్ కర్నెల్‌లో ఈ వ్యవహారమంతా చూసే విభాగం పేరు ఆర్ఎఫ్‌కిల్. 2007లో 2.6.22 వెర్షన్‌తో వచ్చింది, 2009లో 2.6.31 కోసం దాన్ని దాదాపు మొత్తంగా తిరగరాశారు. ఇందులో ప్రతి రేడియోకూ రెండు వేర్వేరు గుర్తులుంటాయి. సాఫ్ట్ బ్లాక్‌ను వాడుకరి పెట్టవచ్చు, తీయవచ్చు. హార్డ్ బ్లాక్ మాత్రం హార్డ్‌వేర్ చెప్పిన మాట. దాన్ని ఏ ప్రోగ్రామూ తొలగించలేదు. రెండింటిలో ఏది ఉన్నా రేడియో పలకదు. భౌతికంగా ఆపిన రేడియోను సాఫ్ట్‌వేర్ దొడ్డిదారిన లేపకూడదన్నదే ఇక్కడి నియమం.

ఈ కట్టుదిట్టమే ఒక్కోసారి బెడిసికొడుతుంది. లెనోవో ఐడియాప్యాడ్, యోగా శ్రేణుల్లో చాలా మోడళ్లకు అసలు వైర్‌లెస్ స్విచ్చే లేదు. అయినా డ్రైవర్ అడిగితే ఫర్మ్‌వేర్ (లాప్‌టాప్ చిప్‌లలోనే ఉండే సాఫ్ట్‌వేర్) ‘స్విచ్ ఆఫ్‌లో ఉంది’ అని జవాబిచ్చేది. డ్రైవర్ దాన్ని నమ్మి హార్డ్ బ్లాక్ పెట్టేది. లేని స్విచ్‌ను ఆన్ చేయడం ఎవరి తరం? అందుకని స్విచ్ లేని మోడళ్ల పేర్లతో డ్రైవర్‌లో ఒక జాబితా పెట్టారు. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా అది పెరుగుతూ పోయింది. చివరికి పద్ధతినే తిరగేశారు: స్విచ్ లేదనే అనుకోవడం, ఉన్న మోడళ్లను మాత్రమే జాబితాలో చేర్చడం.

చిక్కు మరో రూపంలోనూ వస్తుంది. ఫర్మ్‌వేర్ రేడియోను ఆపి, అదే నొక్కును మామూలు కీ లాగా ఆపరేటింగ్ సిస్టంకూ పంపిందనుకుందాం. అటు డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ కూడా స్థితిని మారుస్తుంది. ఒక్క నొక్కుకు ఇద్దరు స్పందిస్తే రేడియో ఏ స్థితిలో మిగులుతుందో చెప్పలేం. కాబట్టి డ్రైవర్ ఒక పక్షం తేల్చుకోవాలి: ఫర్మ్‌వేర్ చేసిన పనిని స్థితిగా నివేదించడమా, లేక కేవలం నొక్కును అందించడమా.

డెల్ లాప్‌టాప్‌ల కోసం 2015లో కర్నెల్‌లో చేరిన డెల్-ఆర్‌బీటీఎన్ డ్రైవర్ ఇందుకు మంచి ఉదాహరణ. ఇది ముందుగా ఏసీపీఐ (ఆపరేటింగ్ సిస్టం, ఫర్మ్‌వేర్ మాట్లాడుకునే ప్రమాణం) ద్వారా ఫర్మ్‌వేర్‌నే అడుగుతుంది: ఇది జరిపే స్విచ్చా, నొక్కే బటనా? జరిపే స్విచ్‌కు ఒక స్థానం ఉంటుంది కాబట్టి దాన్ని ఆర్ఎఫ్‌కిల్ పరికరంగా నమోదు చేస్తుంది. నొక్కే బటన్‌కు స్థానమంటూ లేదు. దాన్ని కీబోర్డు కీ మాదిరిగా చూపి, ఏం చేయాలో డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తుంది.

ఇంత జాగ్రత్త తర్వాత కూడా ఒక తిరకాసు బయటపడింది. కొన్ని బయోస్ ఫర్మ్‌వేర్‌లు లాప్‌టాప్ నిద్ర నుంచి లేచే ప్రతిసారీ, ఎవరూ బటన్ ముట్టుకోకపోయినా, నొక్కినట్టు కబురు పంపేవి. మూత తెరవగానే ఏరోప్లేన్ మోడ్ మారిపోయేది. పరికరం నిద్రలో ఉన్నప్పుడు వచ్చే కబుర్లన్నీ పట్టించుకోకుండా ఉండేలా డ్రైవర్‌ను సవరించి దీన్ని సరిచేశారు.