సైకిలు ట్యూబు (లేటెక్స్, బ్యూటైల్ రకాలు)

'''సైకిలు ట్యూబు''' అనగా సైకిలు టైరు లోపల గాలిని నిలిపి ఉంచే గుండ్రని రబ్బరు గొట్టం. టైరు నేలను తాకి అరుగుదలను భరిస్తుంది. ట్యూబు గాలిని పట్టి ఉంచుతుంది. సైకిలు ట్యూబులను ముఖ్యంగా బ్యూటైల్ రబ్బరుతోనూ, సహజ రబ్బరుతోనూ తయారు చేస్తారు. సహజ రబ్బరు పాల నుండి నేరుగా తయారయ్యే పలుచని ట్యూబును లేటెక్స్ ట్యూబు అంటారు. పందెపు సైకిళ్ళకు ఇది ప్రసిద్ధి పొందింది. అయితే ముళ్ళు, ఎండ ఎక్కువగా ఉండే పొదిలి, మార్కాపురం, గిద్దలూరు వంటి మెట్ట ప్రాంతాలలో రోజువారీ ప్రయాణానికి బ్యూటైల్ ట్యూబే అనువైనది.

== చరిత్ర ==
గాలి నింపిన టైరుకు 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ బ్రిటనులో పేటెంటు పొందాడు. అది వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరును తయారు చేసిన తరువాత దీనికి ప్రాచుర్యం లభించింది. ఆనాటి ట్యూబులన్నీ సహజ రబ్బరుతో చేసినవే.

1937లో అమెరికాలో విలియం స్పార్క్స్, రాబర్ట్ థామస్ అనే రసాయన శాస్త్రవేత్తలు బ్యూటైల్ రబ్బరును రూపొందించారు. 1942లో జపాను మలయా, డచ్చి తూర్పు ఇండీసు ప్రాంతాలను ఆక్రమించుకోవడంతో మిత్రరాజ్యాలకు సహజ రబ్బరు కొరత ఏర్పడి, కృత్రిమ రబ్బరు తయారీ ఊపందుకుంది. క్రమంగా ట్యూబుల తయారీలో బ్యూటైల్ స్థిరపడింది.

== తయారీ, గుణాలు ==
బ్యూటైల్ రబ్బరు ఐసోబ్యూటిలీన్‌కు కొద్దిపాటి ఐసోప్రీన్ చేర్చి తయారు చేసే కృత్రిమ పదార్థం. దీని అణువులు దగ్గర దగ్గరగా అమరి ఉండడం వలన గాలి సులభంగా బయటకు పోదు. సహజ రబ్బరు నుండి పోయే గాలిలో ఇంచుమించు పదో వంతు మాత్రమే దీని గుండా పోతుంది.

లేటెక్స్ ట్యూబును రబ్బరు చెట్టు పాలలో అచ్చును ముంచి, పొరలు పొరలుగా ఆరబెట్టి తయారు చేస్తారు. ఇది పలుచగా, బాగా సాగే గుణంతో ఉంటుంది.

* '''బరువు:''' పందెపు సైకిలుకు వాడే లేటెక్స్ ట్యూబు సుమారు 75-80 గ్రాములు, అదే కొలత గల మామూలు బ్యూటైల్ ట్యూబు సుమారు 100 గ్రాములు ఉంటాయి.
* '''వేగం:''' టైరు నేలపై దొర్లేటప్పుడు రబ్బరు నలిగి కొంత శక్తి వృథా అవుతుంది. లేటెక్సులో ఈ నష్టం తక్కువ. ఒక్కొక్క టైరుకు కొద్ది వాట్ల శక్తి మిగులుతుంది. పందెంలో దీనికి విలువ ఉంది. బడికో సంతకో వెళ్ళే ప్రయాణంలో తేడా తెలియదు.
* '''గాలి నిలవడం:''' లేటెక్స్ ట్యూబులో ఒక్క రాత్రిలోనే గాలి గణనీయంగా తగ్గుతుంది. బయలుదేరిన ప్రతిసారీ కొట్టుకోవాలి. బ్యూటైల్ ట్యూబులో గాలి రోజుల తరబడి నిలుస్తుంది.
* '''మన్నిక:''' నూనె, గ్రీజు, ఎండ తగిలితే లేటెక్స్ త్వరగా పాడవుతుంది.
* '''వెల:''' లేటెక్స్ ట్యూబు వెల బ్యూటైల్ ట్యూబు కంటే కొన్ని రెట్లు ఎక్కువ.

మార్కెట్టులో సహజ రబ్బరుతో చేసిన మామూలు మందపు ట్యూబులు కూడా దొరుకుతాయి. ఇవి లేటెక్స్ ట్యూబుల వలె తేలికైనవి కావు, బ్యూటైల్ వలె గాలినీ నిలపవు. పంక్చరు లేకపోయినా రెండు మూడు రోజులకోసారి గాలి కొట్టవలసి వస్తుంటే ట్యూబు ఈ రకానికి చెందినదై ఉండవచ్చు. కొనేటప్పుడు ట్యూబుపై బ్యూటైల్ అని ముద్రించి ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి.

== పశ్చిమ ప్రకాశంలో ==
ఇది వర్షపాతం తక్కువగా ఉండే ప్రాంతం. చేల గట్ల మీద, డొంకల వెంట చిల్ల చెట్లు (సర్కారు తుమ్మ) విస్తారంగా పెరుగుతాయి. నేలపై పాకే పల్లేరు మొక్క కాయ ఎండిన తరువాత ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కొక్క ముక్కకు గట్టి ముళ్ళు ఉండడం వలన అది ఎటు పడినా ఒక ముల్లు పైకి నిలిచి ఉంటుంది.

లేటెక్స్ ట్యూబు బాగా సాగడం వలన చిన్న రాళ్ళు, గాజు పెంకుల ఒత్తిడిని కొంత తట్టుకుంటుంది. కాని టైరును దాటి వచ్చే పొడవైన తుమ్మ ముల్లును ఏ పలుచని ట్యూబూ ఆపలేదు. పంక్చరు పడితే బడి పిల్లలకు ఆ పూట చదువు, కూలీలకు ఆ పూట పని తప్పిపోవచ్చు. కాబట్టి ఇక్కడ ఏ ఊరిలోనైనా దొరికే, ఎవరైనా పంక్చరు వేయగల ట్యూబు కావాలి.

కొలతలు మరొక అడ్డంకి. మన పెద్ద సైకిళ్ళకు వాడే 28 × 1½ టైరు 635 మి.మీ. రిమ్ముకు సరిపోతుంది. లేటెక్స్ ట్యూబులు ఎక్కువగా 622 మి.మీ. రిమ్ముపై ఎక్కే సన్నని టైర్లకు వస్తాయి. వాటి ప్రెస్టా వాల్వు కాడ సుమారు 6 మి.మీ. ఉండగా, మన సైకిళ్ళ వుడ్స్ వాల్వు కాడ సుమారు 8 మి.మీ. ఉంటుంది. అందువలన రిమ్ము రంధ్రంలో ప్రెస్టా వాల్వు వదులుగా ఉండిపోతుంది.

దోర్నాల - శ్రీశైలం వంటి ఘాట్ రోడ్లలో దిగేటప్పుడు ఎక్కువసేపు బ్రేకు పట్టవలసి వస్తుంది. రిమ్మును పట్టే బ్రేకులైతే ఆ వేడికి లేటెక్స్ ట్యూబు దెబ్బతిని పగిలే ప్రమాదం ఉంది.

== ఎంపిక ==
రోజూ సైకిలు తొక్కేవారికి, ముళ్ళ దారిలో వెళ్ళేవారికి, ఘాట్ రోడ్డు దిగేవారికి బ్యూటైల్ ట్యూబు తగినది. పందెపు సైకిలు కలిగి, ప్రతి ప్రయాణానికి ముందు గాలి కొట్టుకోగలిగినవారు మంచి రోడ్లపై లేటెక్స్ వాడవచ్చు. లేటెక్స్ ట్యూబును బిగించే ముందు దానికి టాల్కం పౌడరు రాస్తే టైరుకు అంటుకోదు.

== జాగ్రత్తలు ==
పంక్చరు వేసేటప్పుడు ట్యూబును నీటిలో ముంచి బుడగలు వచ్చే చోటును గుర్తించాలి. ఆ చోటును ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను పలుచగా పూయాలి. అది ఆరిన తరువాతనే ప్యాచీ అతికించాలి. ట్యూబును తిరిగి ఎక్కించే ముందు టైరు లోపలి భాగాన్ని గుడ్డతో తుడిచి చూడాలి. విరిగిన ముల్లు మొన టైరులోనే ఉండిపోతే, ఏ రకం ట్యూబు వేసినా మళ్ళీ అదే చోట పంక్చరు పడుతుంది.